పదకొండు గంటల స్లాటు

2008 ఫిబ్రవరి. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. అప్పటికి ఏడేళ్ల సర్వీసు, ఉద్యోగం మాత్రం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఏడు మా కాలేజీలో ఒక సాఫ్ట్‌వేర్ ఫ్రేమ్‌వర్క్ మీద ఒకరోజు సదస్సు పెట్టారు. కన్వీనరుగా నా పేరు వేశారు. ఎవరు ఏ గంటకి, ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయించే పని నాది. ఆ రోజు సంగతి ఇన్నాళ్లూ పూర్తిగా ఎక్కడా రాయలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట సగం ఇతరుల మీద, సగం నా మీద.

ఫ్రేమ్‌వర్క్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. ఇల్లు కట్టేటప్పుడు పునాది, పిల్లర్లు, స్లాబు ఎవరో వేసిపెట్టేశారనుకోండి. గోడలు, గదులు మనకి కావలసినట్టు మనం కట్టుకుంటాం. ప్రోగ్రాములు రాయడంలో అలా ముందే వేసిపెట్టిన కట్టడమే ఫ్రేమ్‌వర్క్. మేం సదస్సు పెట్టినది ఉచితంగా దొరికేది. మా పిల్లలకి పనికొస్తుందని దాన్ని ఎంచుకున్నది నేనే.

ఇలాంటి సభకి సెషన్లు వేయడం పెద్ద విద్యేం కాదు గానీ, దానికీ ఒక పద్ధతుంది. ఒక్కో మనిషికి ఇచ్చే సమయాన్ని స్లాట్ అంటాం. కంప్యూటర్ మీద చేసి చూపించేది డెమో. మొత్తం విషయం మీద పెద్దవాళ్లు ఇచ్చే ప్రసంగం కీనోట్. విశాఖపట్నంలో, హైదరాబాదులో వీటిని వరుసగా పేర్చుకుంటే చాలు. మా ఊళ్లో మాత్రం ముందు కరెంటు కోత ఎప్పుడో కనుక్కోవాలి. మా ఫీడరుకి ఆ నెల రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కోత. కాబట్టి డెమోలన్నీ పొద్దుట వేశాను. వట్టి మాటలతో గడిచిపోయేవి మధ్యాహ్నానికి నెట్టాను.

వేళకి మొదలుపెట్టి వేళకి ముగించడం నాకు చిన్నప్పుడే ఒంటబట్టింది. మాది మిషన్ చర్చి కుటుంబం. ఆదివారం పాడబోయే కీర్తనల నంబర్లు చెక్కబోర్డులో పెట్టేది మా నాన్నే. ఒకసారి పెట్టాక ఎంత పెద్దమనిషి ఆలస్యంగా వచ్చినా మొదటి కీర్తన ఆగేది కాదు. వచ్చినాయన చెప్పులు విప్పుకుని, వెనకాల చాప మీద కూర్చోవలసిందే. అలాంటి ఇంట్లో పుట్టి నేనేం చేశానో చెప్తాను.

సదస్సుకి నెల రోజుల ముందు అప్పలనాయుడు వచ్చాడు. రోలుగుంట దగ్గర పల్లెటూరు, చెరకు వేసే రైతు కొడుకు. మా కాలేజీలోనే బీఎస్సీ చదివాడు. ఒక ప్రైవేటు చక్కెర మిల్లులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఆ మిల్లు ఇప్పుడు లేదు, మూతపడింది కాబట్టి పేరు అనవసరం. నేను పైన చెప్పిన ఫ్రేమ్‌వర్క్‌ని తనంతట తనే నేర్చుకుని, మిల్లు కోసం ఒక ప్రోగ్రాం రాశాడు.

అది దేనికో చెప్పాలి. చెరకు రైతు తనకి తోచినరోజు తోట కొట్టి మిల్లుకి తోలడానికి లేదు. మిల్లువాళ్లు కటింగ్ ఆర్డరు అని ఒక చీటీ ఇస్తారు, అందులో వేసిన రోజునే కొట్టాలి. పండిన తోటకి చీటీ ఆలస్యమైతే చెరకు ఎండి బరువు తగ్గిపోతుంది. కొట్టిన మొదళ్ల నుంచి మళ్లీ పెరిగిన తోటని కార్శి అంటారు, అది కొత్తగా నాటిన మొక్క తోట కంటే ముందు పండుతుంది. ఈ లెక్కలన్నీ చూసి వరుస వేయాలి. మిల్లులో ఆ వరుస వేసేది తోటలు చూసొచ్చే ఉద్యోగులు, ఫీల్డుమేన్లు. వాళ్లు ముందు చూసేది తోట పండిందా అని కాదు, తోట ఎవరిది అని. పెద్ద రైతుకి ముందు, ఎకరం రైతుకి ఆఖర్న. అప్పలనాయుడి ప్రోగ్రాం నాటిన తేదీ, తోట రకం, దూరం చూసి తనే వరుస వేస్తుంది. రైతు పేరు, భూమి విస్తీర్ణం అసలు చూడదు. ఆ సీజన్లో రెండు సెక్షన్లలో, అంటే మిల్లు కిందున్న రెండు ఊళ్ల గుంపుల్లో, దాన్ని వాడి చూశారు. ఫీల్డుమేన్లకి కడుపు మండిపోయింది.

"మేడమ్, మా జీఎం గారు నా ప్రోగ్రాం ఒక్కపాలి కూడా సూడనేదండి" అన్నాడు. "మూడుసార్లు కేబిన్ కాడికెల్లాను. తరవాత సూద్దాంలే అనీసి ఫోనెత్తుకుంతారు. ఫీల్డుమేన్లు ఆరి సెవిలో ఏటేటో వేసీసినారు. సీజనవగానే బయట ప్యాకేజీ కొనీస్తారట. అప్పుడు నా కాంట్రాక్టూ ఉండదండి. ఒక్క అరగంట కూకుని సూస్తే సాలు."

"మీ జీఎం గారిని నేను కూర్చోబెడతాను" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

ఉపాయం సులువైనదే. జనరల్ మేనేజరు గారిని అతిథిగా స్టేజీ మీదకి పిలిచాం. స్టేజీ అంటే రాని పెద్దమనిషి మా దగ్గర లేడు. భోజనం దాకా ఉంటాను, తర్వాత మిల్లు యార్డులో పనుందని కబురు పంపారు. అది చాలు నాకు. పది నుంచి పదకొండు ప్రారంభ సభ. పదకొండుకి అప్పలనాయుడి డెమో, నలభై నిమిషాలు. కరెంటు ఉంటుంది, జీఎం గారు ముందు వరసలో ఉంటారు. దాని తర్వాత హైదరాబాదు నుంచి వచ్చే డాక్టరేట్ గారి కీనోట్. ప్రోగ్రాం షీటు టైపు చేసి, ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద పెట్టాను. వారం రోజులు ఆయన దాన్ని ముట్టుకోలేదు.

సదస్సుకి ముందురోజు సాయంత్రం నాలుగింటికి పిలిచారు.

"అమ్మా, అంతా బాగుంది గానీ, ఇదేమిటి? హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన్ని కింద కూర్చోబెట్టి, మిల్లు ఆపరేటర్ చేత ముందు మాట్లాడిస్తావా?"

"అప్పలనాయుడిది డెమో అండి. రెండు తర్వాత కరెంటుండదు. జీఎం గారు కూడా భోజనం చేసి వెళ్లిపోతారు."

"జనరేటర్ పెట్టిస్తున్నాం కదమ్మా. జీఎం గారి సంగతి నాకొదిలెయ్, నేను కూర్చోబెడతాను. డాక్టర్ గారు తునిలో సాయంత్రం బండి అందుకోవాలట. ఆయన్ని పదకొండు నుంచి భోజనాల దాకా వెయ్. మన కుర్రాడిని రెండుంపావుకి వెయ్."

"కుర్రాడి ఉద్యోగం దీనిమీద ఉందండి."

"ఉద్యోగాలు మన చేతుల్లో ఉంటాయా?" అని నవ్వారు. ఆ తర్వాత, "నీ పర్మినెంటు ఫైలు కూడా ఈ నెలే కమిటీకి పంపిస్తున్నాను" అన్నారు. బెదిరించినట్టు కాదు, ఎంతో ప్రేమగా అన్నారు.

నేను ఏం చేశాననుకుంటున్నారు? పోట్లాడానా? ఆయన టేబుల్ మీది వైట్నర్ సీసా తీసుకున్నాను. పదకొండు గంటల ఎదురుగా ఉన్న అప్పలనాయుడి పేరు మీద పూశాను, ఆరేదాకా ఊదాను, దాని మీద పెన్నుతో డాక్టర్ గారి పేరు రాశాను. రెండుంపావు ఎదురుగా అప్పలనాయుడి పేరు రాశాను. "గుడ్" అన్నారాయన. అదే షీటు జిరాక్సు తీసి అందరికీ పంచాం. జిరాక్సులో వైట్నర్ మరక కనిపించదు.

మర్నాడు అప్పలనాయుడు సీపీయూని దుప్పట్లో చుట్టి, మానిటరుని ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగాడు. షీటు చూశాడు.

"మద్దేనానికి మార్చీసినారేటండి?"

"జీఎం గారు ఉంటారు అప్పలనాయుడూ. ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు."

"అలాగేనండి" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

ఇక ప్రారంభ సభ గురించి చెప్పాలి. ఇలాంటి సభలకి వెళ్లినవాళ్లకి కొత్తేమీ కాదు, కానీ ఆ రోజు గడియారం చూస్తూ కూర్చున్నది నేను. పదింటి సభకి పదీముప్పావు దాకా స్టేజీ మీద సగం కుర్చీలు ఖాళీ. స్టేజీ మీదకి పేరుపేరునా తొమ్మిదిమందిని పిలిచారు. ప్రతి పేరుకీ ముందు రెండు విశేషణాలు, వెనక చప్పట్లు. దీపం వెలిగించారు. ఫోటో సరిగా రాలేదని ఫోటోగ్రాఫరు ఆర్పించి మళ్లీ వెలిగింపజేశాడు. బొకేలు, శాలువాలు. శాలువా కప్పినవాళ్లకి తిరిగి శాలువా కప్పడం. తర్వాత తొమ్మిదిమందీ "రెండు ముక్కలు" మాట్లాడారు. రెండు ముక్కలంటే ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఒకాయన తను పలకా బలపంతో చదువుకున్న రోజులు చెప్పాడు. ఒకాయన తన ముందు మాట్లాడినాయన్ని పొగిడి కూర్చున్నాడు. ఫ్రేమ్‌వర్క్ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. వాళ్లలో ముగ్గురు బ్యానరు వైపు తిరిగి సదస్సు దేనిమీదో చదువుకున్నారు.

జనరల్ మేనేజరు గారు కూడా మాట్లాడారు. "నేటి యువత కంప్యూటర్ పరిజ్ఞానాన్ని గ్రామీణ ప్రాంతాల రైతుల కోసం ఉపయోగించాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలనాయుడు గోడవారన, దుప్పటి మూట పక్కన నిలబడి తనూ కొట్టాడు. నాకు ఆ మైకు లాగేసి, అదిగో రైతుల కోసం ఉపయోగించినవాడు, మీ మిల్లువాడే, ఒక్కసారి అటు చూడండని అరవాలనిపించింది. అరవలేదు. కన్వీనరు బ్యాడ్జి గుచ్చుకుని బుద్ధిగా కూర్చున్నాను.

కీనోట్ మొదలయ్యేసరికి పన్నెండున్నర. డాక్టర్ గారు స్లైడ్లు చదివారు. కంప్యూటరు పుట్టుక నుంచి మొదలుపెట్టారు. ఫ్రేమ్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి సమయం లేదని ఆరు స్లైడ్లు దాటేశారు. ఒంటిగంటన్నరకి భోజనాలు. నేను పులిహోర గిన్నెల దగ్గర ఉండగా గేటు వైపు జీపు చప్పుడు వినిపించింది. పరిగెత్తాను. జీఎం గారు మెమెంటో ఒళ్లో పెట్టుకుని ఎక్కేశారు.

"సార్, రెండుంపావుకి మీ మిల్లు ప్రోగ్రాం డెమో ఉందండి. మీరు ఉండాలి."

"అవునా? నాకెవరూ చెప్పలేదే. యార్డులో ట్రాక్టర్లు ఆగిపోయాయమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నారు. జీపు వెళ్లిపోయింది. కూర్చోబెడతానన్న ప్రిన్సిపాల్ గారు లోపల డాక్టర్ గారికి దగ్గరుండి వడ్డిస్తున్నారు.

రెండింటికి చెప్పినట్టే కరెంటు పోయింది. జనరేటరు ఉంది. కానీ అది మైకుకీ స్టేజీ మీద ఫ్యాన్లకీ మాట్లాడిన జనరేటరు. అప్పలనాయుడు సీపీయూ ప్లగ్గు పెట్టబోతే జనరేటర్ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఓల్టేజి ఆడతాది బాబూ. కాలిపోతే నన్నడగొద్దు." అప్పలనాయుడు వైరు చుట్టి పక్కన పెట్టేశాడు.

హాల్లో పొద్దుట రెండొందలమంది ఉంటే ఇప్పుడు ముప్ఫైమంది ఉన్నారు. వెనక టెంట్‌హౌస్ వాళ్లు కుర్చీలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పడేస్తున్నారు. నేను వెళ్లి వాళ్ల మీద కేకలేశాను. పొద్దుట్నుంచి ఎవరి మీద వేయవలసిన కేకలో అవి. పాపం, వాళ్లు ఆగిపోయారు.

అప్పలనాయుడు మైకు కూడా తీసుకోలేదు. చొక్కా జేబులోంచి పాత కటింగ్ ఆర్డరు చీటీలు పదిదాకా తీశాడు. పదిమంది పిల్లల్ని ముందుకు పిలిచి తలా ఒకటి ఇచ్చాడు.

"మీరందరూ చెరుకు రైతులు. చీటీ మీద మీ తోట ఎంత, ఎప్పుడు నాటేరు, మొక్క తోటా కార్శా, మిల్లుకి ఎంత దూరం, అన్నీ ఉన్నాయి. ముందు ఎవలకి ఎక్కువ భూముంటే ఆలు ముందు నిలబడండి."

నిలబడ్డారు. కొయ్యూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి ఆఖర్న నిలబడింది. ఆమె చీటీలో ముప్పావు ఎకరం, కార్శి తోట.

"ఇదీ ఫీల్డుమేన్ వేసిన వరస. ఇప్పుడు భూమి సంగతి మర్చిపోండి. ఎవలి తోట ముందు పండినాదో ఆలు ముందుకు రండి."

పిల్లలు చీటీలు ఒకరివి ఒకరు చూసుకుంటూ, తోసుకుంటూ, నవ్వుకుంటూ మారారు. కొయ్యూరు అమ్మాయి అందరికంటే ముందుకు వచ్చి నిలబడింది. "ఈ అమ్మాయి తోట ఇందాకటి వరసలో ఉంటే ఏటౌతాది?" అని అడిగాడు. "ఎండిపోతాదండి" అని అందరూ ఒక్కసారి అన్నారు.

అప్పుడు బోర్డు మీద మూడు గళ్లు గీశాడు. ఫ్రేమ్‌వర్క్‌లో వివరాలు ఒక చోట, నియమం ఒక చోట, తెర మీద కనిపించేది ఒక చోట ఉంటాయన్నాడు. తెర దగ్గర కూర్చున్నవాడు నియమాన్ని ముట్టుకోలేడు. ఎవరైనా పెద్దాయన చెప్పాడని వరస మారిస్తే మార్చుకోవచ్చు, కానీ మార్చినవాడి పేరు, రోజు, గంట పక్కన పడిపోతాయి. దాన్ని లాగ్ అంటారు. "మార్చొద్దని నానెవల్నీ అననండి. మార్చినోడు పేరు దాసుకోకూడదు, అంతే" అన్నాడు.

నేను ఏడేళ్లుగా నెలల తరబడి చెప్పినా పిల్లల తలకెక్కని పాఠం అది. అతను కంప్యూటరు లేకుండా అరగంటలో చెప్పాడు. ముప్ఫైమందీ లేచి చప్పట్లు కొట్టారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు, కోపంతో. ఇదంతా చూడవలసిన ఒకే ఒక్క మనిషి జీపులో వెళ్లిపోయాడు.

తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. "మీరు మాటిచ్చారండి. ఆయన్ని కూర్చోబెడతానన్నారు."

"ఏమిటమ్మా ఆవేశం? ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరిగింది. రేపు పేపర్లో ఫోటో పడుతుంది చూడు" అన్నారు. ఆయన మొహంలో కల్మషం లేదు. తను ఏదో తప్పు చేశానన్న ఆలోచనే లేదు. అలాంటి మనిషి మీద కోప్పడితే మన గొంతే పోతుంది, ఆయనకేమీ కాదు.

బయటికి వచ్చేసరికి అప్పలనాయుడు సీపీయూని మళ్లీ దుప్పట్లో చుట్టుకుంటున్నాడు. "చాలా బాగా చెప్పావు" అన్నాను.

అతను ముడి బిగించి లేచాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. మీ ప్రోగ్రాం షీటు కూడా ఫీల్డుమేన్ రాసినట్టే ఉందండి."

కోపంగా అనలేదు. ఉన్నది చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ షీటులో ఎవరి పని ముందు అవసరమో నాకు తెలుసు, తెలిసే ఎవరు పెద్దో చూసి వరస మార్చాను. ప్రిన్సిపాల్ గారు చెప్పారు, నిజమే. సీసా మూత తీసింది నేను.

తర్వాత సంగతి పొడుగేమీ లేదు. ఆ నెలలోనే రెండుసార్లు జీఎం గారి ఆఫీసుకి నేనే వెళ్లాను. రెండుసార్లూ బయట బల్ల మీద కూర్చుని, ఆయన లోపలికి పిలవక తిరిగొచ్చాను. సీజన్ అయ్యాక మిల్లు బయట ప్యాకేజీ కొంది. అందులో వరస చేత్తో నింపుకోవచ్చు, ఫీల్డుమేన్లకి ప్రాణం లేచొచ్చింది. అప్పలనాయుడి కాంట్రాక్టు పొడిగించలేదు. మరుసటి సీజన్లో వాళ్ల నాన్న కార్శి తోటకి చీటీ అందరికంటే ఆఖర్న వచ్చిందని ఆ ఊరి పిల్లలు చెప్పారు. కొట్టేటప్పటికి గడలు బెండులా ఉన్నాయట. నా ఉద్యోగం మాత్రం ఆ జూన్లో పర్మినెంటు అయింది.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ ఒక సదస్సు నా నెత్తిన పెట్టారు. ఈసారి మొదటి స్లాట్ పదింటికి, స్టేజీ మీదకి ఎవరినీ పిలవకముందే వేశాను. దీపం, శాలువాలు భోజనాల ముందు, ఇరవై నిమిషాలు. ప్రిన్సిపాల్ గారు ససేమిరా అన్నారు. అయితే కన్వీనరుగా వేరేవాళ్లని చూసుకోండన్నాను. పర్మినెంటు అయ్యాక వచ్చిన ధైర్యం అది, దాన్ని గొప్పగా చెప్పుకోను. ఆ మొదటి స్లాట్ అప్పలనాయుడికి ఇద్దామని పాయకరావుపేట వెళ్లాను. అక్కడ ఒక రైసు మిల్లులో బిల్లులు కొడుతున్నాడు. గౌరవంగా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు.

"పదింటికి నీదే స్లాట్. కరెంటు ఉంటుంది. ఎవరు చెప్పినా మార్చను" అన్నాను.

"వచ్చీవాడినేనండి" అన్నాడు. "కానీ సూపించడానికి ఇప్పుడు ఏటుందండి? ప్రోగ్రాం మిల్లు కంప్యూటర్లోంచి తీసీసినారు. నా సీపీయూ ఈ మద్దె అమ్మీసినాను."

ఆ రోజు తిరుగు బస్సులో నా డైరీలో ఒక పేజీకి గళ్లు గీశాను. అప్పటినుంచి ఏ సభకి సెషన్లు వేసినా వైట్నర్ వాడను. స్లాట్ మార్చవలసి వస్తే పాతదాన్ని ఒక్క గీతతో కొట్టేస్తాను, అది చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన ఎవరు మార్చమన్నారు, ఎందుకు, ఎవరు మార్చారు అని మూడు గళ్లు నింపుతాను. ఆ గళ్లు చూపించి "మీ పేరు రాసుకుంటానండి" అంటే సగంమంది పెద్దమనుషులు వద్దులెమ్మని వెనక్కి తగ్గడం నా కళ్లతో చూశాను.

ఆ పేజీలో మొదటి వరస నేను బస్సులో కూర్చుని నింపినదే. పదకొండు గంటల స్లాట్, అప్పలనాయుడు, కొట్టివేత. మార్చమన్నది ప్రిన్సిపాల్ గారు. ఎందుకు అన్న గడిలో నా పర్మినెంటు ఫైలు అని రాశాను. మార్చినవారు అన్న గడిలో నా పూర్తి పేరు రాసి, కింద సంతకం పెట్టాను.